ముందు ప్రాణం, తర్వాత ఇంజిన్, చివరికి సోకు: ఇంటి కారును కాపాడుకునే పద్ధతి

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు పొంగింది. కింది కాలనీల్లో ఇళ్ల ముందు నిలిపిన కార్లు నీళ్లలో నానిపోయాయి. ఇలాంటప్పుడు నీరు తగ్గగానే ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన ఒక్కటే: "ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం". చాలాసార్లు కారు పాడయ్యేది నీళ్లలో మునిగినప్పుడు కాదు, ఆ సెల్ఫ్ కొట్టినప్పుడే. కొద్ది వేలతో పోయే పని లక్షకు చేరేది అక్కడే.

కారు విషయంలో మధ్యతరగతి ఇంటికి డబ్బు ఎప్పుడూ తక్కువే ఉంటుంది. పిల్లల ఫీజులు, రంజాన్ ఖర్చులు, పెళ్లిళ్లు అన్నీ ఉంటాయి. అందుకే ఉన్న డబ్బును ఏ వరుసలో పెట్టాలో తెలియాలి. ప్రాణాన్ని కాపాడేవి ముందు: టైర్లు, బ్రేకులు, సీటు బెల్టులు, లైట్లు. ఇంజిన్‌ను కాపాడేవి తర్వాత: ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు. మ్యూజిక్ సిస్టమ్, అల్లాయ్ వీల్స్, కొత్త సీట్ కవర్లు చివర. చాలా ఇళ్లలో ఈ వరుస తలకిందులుగా నడుస్తుంది.

నీళ్లలో మునిగిన కారు

ఇంజిన్ గాలిని పీల్చుకుని నడుస్తుంది. నీళ్లు ఎయిర్ ఫిల్టర్ దాటి సిలిండర్‌లోకి వెళ్తే పిస్టన్ పైకి వచ్చేటప్పుడు వాటిని నొక్కలేదు. గాలి నొక్కితే కుదించుకుపోతుంది, నీరు కుదించుకోదు. దాంతో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో బండి ఆగిపోయినా, పార్కింగ్‌లో మునిగినా చేయాల్సినవి ఇవే:

- తాళం తిప్పొద్దు, సెల్ఫ్ కొట్టొద్దు. తోసి స్టార్ట్ చేయడం కూడా వద్దు.
- నీరు తగ్గాక బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి.
- నీరు ఎంత ఎత్తు వరకు వచ్చిందో తెలిసేలా ఫొటోలు తీసి, బీమా కంపెనీకి వెంటనే చెప్పాలి.
- బండిని మొత్తంగా ఎక్కించుకునే టోయింగ్ వాహనంలో గ్యారేజీకి పంపాలి. ఆటోమేటిక్ గేర్ల కారును తాడు కట్టి లాగితే గేర్ బాక్స్ కూడా పోతుంది.
- డిప్‌స్టిక్ తీసి చూసినప్పుడు ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తే అందులో నీళ్లు కలిశాయని అర్థం. ఆయిల్, ఫిల్టర్లు మార్చేదాకా స్టార్ట్ చేయకూడదు.

వాన పడుతుంటే మూసారాంబాగ్ బ్రిడ్జి దారి గురించి ముందే తెలుసుకోవాలి. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తితే మూసీ పెరుగుతుంది. 2022 జూలైలో ఆ బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారు కూడా. ముందున్న ఆటో వెళ్లింది కదా అని నీళ్లలోకి దిగొద్దు. సగం చక్రం మునిగేంత నీరుంటే వెనక్కి తిప్పడమే మేలు. కొద్దిపాటి నీటిలోంచి బయటపడ్డాక మెల్లగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేకు నొక్కితే తడి ఆరి బ్రేకులు మళ్లీ పట్టుకుంటాయి.

బీమా కాగితంలో చూడాల్సిన మాట

థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం తప్పనిసరి. కానీ అది ఎదుటివారి నష్టానికే. వరదలో మన కారు పోతే దాంట్లో రూపాయి రాదు. కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటేనే వరద నష్టానికి క్లెయిమ్ వస్తుంది. అందులోనూ ఒక మెలిక ఉంది. నీళ్లలో ఉండగా సెల్ఫ్ కొట్టి ఇంజిన్ పాడైతే, అది యజమాని చేసిన పనివల్ల వచ్చిన నష్టమని కంపెనీలు తిప్పి పంపుతాయి. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ ఉన్నది దీనికోసమే. చెరువు కింద, నాలా పక్కన ఉండేవారు పాలసీ రెన్యువల్ చేసేటప్పుడు ఈ కవర్ ఉందో లేదో, దాని షరతులేంటో అడిగి తీసుకోవాలి.

క్లెయిమ్ లేని ఏళ్లకు నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. పాలసీ గడువు ముగిసిన 90 రోజుల్లో రెన్యువల్ చేయకపోతే అదంతా పోతుంది. చిన్న గీతకు క్లెయిమ్ పెట్టేముందు బోనస్ ఎంత పోతుందో లెక్క చూసుకోవాలి. చాలాసార్లు డెంటింగ్ పెయింటింగ్‌కు చేతి డబ్బు పెట్టుకోవడమే లాభం.

నడవని కారు కూడా అరుగుతుంది

2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలయ్యాక ఈ దారిలో ఆఫీసుకు, కాలేజీకి రైలెక్కే వీలు వచ్చింది. అలా వెళ్లే ఇళ్లలో కారు వారమంతా గల్లీలో నిలబడి, ఆదివారం మాత్రమే బయటికొస్తుంది. "బండి నడవలేదు కదా, సర్వీసింగ్ ఎందుకు" అనుకోవడం పొరపాటు. మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు అని ఉంటే, ఏది ముందొస్తే అప్పుడు ఆయిల్ మార్చాలి. మూడు వేల కిలోమీటర్లే తిరిగినా ఏడాదికి ఆయిల్ పాతబడుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దాన్ని సుమారు రెండేళ్లకోసారి మార్చాలి.

నిలబెట్టిన కారుకు మొదటి దెబ్బ బ్యాటరీకే. వారానికోసారి అరగంట నిజంగా రోడ్డు మీద నడపాలి. ఇంటి ముందు ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపితే సెల్ఫ్‌కు వాడిన కరెంటు కూడా తిరిగి నిండదు. మంచి బ్యాటరీ ఇంజిన్ ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. నడుస్తున్నప్పుడు 13 కూడా రాకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఆల్టర్నేటర్‌ను చూపించాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. చేయకుండా కొత్త బ్యాటరీ కొంటే డబ్బు దండగ.

రెండో శత్రువు ఎలుక. చెత్తకుండీ, టిఫిన్ బండి పక్కన పార్క్ చేస్తే బానెట్ కిందికి దూరి వైర్లు కొరుకుతుంది. వారానికోసారి బానెట్ ఎత్తి చూస్తే చాలు, తొలి గుర్తులు కనిపిస్తాయి.

ఇక పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో పోసేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లను దానికి తగ్గట్టు చేశారు. అంతకుముందు బండ్లలో మైలేజీ కొంత తగ్గొచ్చు, పాత రబ్బరు పైపులు త్వరగా గట్టిపడొచ్చు. పెట్రోల్ వాసన వస్తుంటే ఆలస్యం చేయకుండా పైపులు చూపించాలి. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి వారాల తరబడి నిలిపే కారులో ట్యాంకు అడుగంటి ఉండకూడదు.

ట్రాఫిక్‌లో అరిగేవి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట దాకా సాయంత్రం ప్రయాణమంటే క్లచ్ మీద కాలు పెట్టి కదలడమే. హాఫ్ క్లచ్‌లో బండిని పట్టుకుని నిలబడితే క్లచ్ ప్లేట్ కాలిపోతుంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి, కాలు పక్కకు తీసి, హ్యాండ్ బ్రేక్ వేయాలి. యాక్సిలరేటర్ తొక్కితే శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందని గుర్తు.

ట్రాఫిక్‌లో ఎదురుగాలి ఉండదు, ఇంజిన్‌ను చల్లబరిచేది రేడియేటర్ ఫ్యానే. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజిన్ ఆపేయాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలో తీయొద్దు, మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోస్తూ పోతే లోపల తుప్పు, సున్నం పేరుకుంటాయి.

ఎండాకాలం మొదలవగానే "ఏసీ గ్యాస్ నింపాలి" అని వినిపిస్తుంది. ఏసీ మూసి ఉన్న వ్యవస్థ. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకేజీ ఉంది. లీకు పట్టకుండా ప్రతి ఏడాదీ గ్యాస్ నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ముందు క్యాబిన్ ఫిల్టర్ చూడాలి, చాలాసార్లు గాలి రాకపోవడానికి కారణం దుమ్ము నిండిన ఫిల్టరే.

హైవే ఎక్కే ముందు

పండగకో, శుభకార్యానికో, మయ్యత్‌కో ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే ఎక్కితే అటువైపు సుమారు 270 కిలోమీటర్లు. ఎండలో గాలి తక్కువున్న టైరు వేడెక్కి పేలుతుంది. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. మనుషులు, సామాను నిండా ఎక్కితే ఎంత ఉండాలో అక్కడే వేరుగా రాస్తారు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి, స్టెప్నీ మరిచిపోవద్దు.

టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారం కూడా మార్చాల్సిందే. గాడుల మధ్య చిన్న మెట్ల గుర్తులుంటాయి, రబ్బరు వాటితో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి బాగున్నా పక్కల పగుళ్లు వచ్చిన పాత టైరును నమ్మొద్దు.

వెనక సీట్లో కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవాలి. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు లేదా చైల్డ్ సీటు తప్పనిసరని చట్టంలోనే ఉంది. పసిపిల్లను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ముద్దుగా కనిపిస్తుంది. కానీ గట్టిగా బ్రేకు పడితే ఏ తల్లి చేతులూ ఆపలేవు. కారులో పెట్టే మొదటి అప్‌గ్రేడ్ చైల్డ్ సీటే కావాలి.

ఉస్తాద్‌తో మాట్లాడే తీరు

వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. వారంటీ అయిపోయాక నమ్మకమైన గల్లీ మెకానిక్ అయినా, ఆటోనగర్ గ్యారేజీ అయినా ఫర్వాలేదు. కానీ నోటి మాట మీద బండి వదిలి రావొద్దు.

- పని మొదలుపెట్టక ముందే ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోవాలి. స్పేర్ పార్టుల ధర వేరు, లేబర్ వేరు ఉండాలి.
- మార్చిన పాత పార్టు చేతికి తీసుకోవాలి. కొత్తదాని డబ్బా మీద పార్ట్ నంబర్, ఎమ్మార్పీ చూడాలి. బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లలో నకిలీలు ఎక్కువ.
- మాన్యువల్‌లో లేని పనులు చెప్పితే "ఇప్పుడు చేయకపోతే ఏమవుతుంది?" అని అడగాలి. సరైన జవాబు రాకపోతే వద్దనొచ్చు.
- బిల్లు తప్పక తీసుకోవాలి. కారు అమ్మేటప్పుడు ఆ బిల్లులే ధర పెంచుతాయి.

మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి.

సోకుకు ముందు చట్టం

అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించడం మీద చాలా కుటుంబాలకు ఆసక్తి ఉంటుంది. ఎండ నుంచి కాపు, ఆడవాళ్లకు పరదా అని అనుకుంటారు. అయితే సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న నల్ల ఫిల్మ్‌లు వేయొద్దని తీర్పిచ్చింది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. కంపెనీ నుంచే కొద్దిగా రంగుతో వచ్చిన అద్దాలు ఈ లెక్కలో ఉంటే ఇబ్బంది లేదు. డబ్బిచ్చి నల్ల ఫిల్మ్ వేయించుకుని, జరిమానా కట్టి పీకించుకోవడం రెండుసార్లు నష్టం.

ముందు భాగంలో ఇనుప గార్డులను కేంద్రం 2017 డిసెంబర్‌లోనే వద్దంది. అవి ఢీకొన్న దెబ్బ తీరును మార్చేసి ఎయిర్‌బ్యాగ్ సరైన సమయంలో తెరుచుకోకుండా చేస్తాయి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకు మందపాటి సీట్ కవర్ కూడా అడ్డే. లైట్లు, కెమెరా, మ్యూజిక్ సిస్టమ్ పెట్టించేటప్పుడు వైర్లు కోసి అతికించొద్దు, కప్లర్‌తో కలిపేవే పెట్టించాలి.

సీఎన్‌జీ కిట్ పెట్టిస్తే అది ఆమోదం ఉన్నదై ఉండాలి. ఆర్సీలో ఎక్కించాలి, బీమా కంపెనీకి చెప్పాలి, సిలిండర్‌ను మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి. ఆర్సీలో రాసిన వివరాలు మారిపోయేలా బండిని మార్చొద్దని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది.

ఉంచాలా, అమ్మాలా?

సొంత కారు ఆర్సీ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ పరీక్షతో ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ ఫీజు 5,000 రూపాయలు. 2025లో 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. కాలుష్య పత్రం బీఎస్4, ఆపై కార్లకు ఏడాది, అంతకుముందు వాటికి ఆరు నెలలు చెల్లుతుంది. పాత కారుకు పెద్ద రిపేరు వస్తే ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుందో ముందు కనుక్కోవాలి. రిపేరు ఖర్చు అందులో సగానికి చేరితే కాసేపు ఆగి ఆలోచించాలి. బాడీ కింద తుప్పు పట్టిన కారుకు ఇంజిన్ పని చేయించినా ప్రయోజనం తక్కువ.

నెలకోసారి ఒక పావుగంట చాలు. ఆయిల్ మట్టం, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఐదు టైర్ల గాలి, అన్ని లైట్లు, వైపర్లు, బానెట్ కింద ఎలుక గుర్తులు. ఇంట్లో పెద్ద పిల్లలకు కూడా ఇది చేసి చూపించాలి. వాన రాత్రి కారు నీళ్లలో ఆగిపోతే స్టీరింగ్ ముందున్నది వాళ్లే కావొచ్చు. సెల్ఫ్ కొట్టొద్దన్న ఒక్క మాట అప్పుడు గుర్తుంటే చాలు.