యూదుల గ్రంథ భాండారాలు – మనకొక సబఖ్

ముస్లిం సంఘం సంచికలో యూదుల పుస్తకాల మీద వ్యాసమేమిటని కొందరు సోదరులు అడుగవచ్చు. మా జవాబు చిన్నది. ఖుర్ఆన్ షరీఫ్‌లో యూదులను, క్రైస్తవులను 'అహలె కితాబ్' అన్నారు. అంటే గ్రంథం గలవారు. రాజ్యం పోయి దేశదేశాలు తిరిగిన ఆ జాతి తన కితాబులను ఎట్లా కాపాడుకున్నదో, ఎక్కడ పోగొట్టుకున్నదో తెలుసుకుంటే, మన ఇళ్ళలో చెదలు తింటున్న కాగితాల మీద కూడా మన దృష్టి పడుతుందని మా ఆశ. ఈనాటి రాజకీయాల జోలికి మేము పోవటం లేదు. ఇది ఇల్మ్ గురించిన మాట.

క్రీ.శ. 70లో రోమన్ సైన్యం జెరూసలేంలోని యూదుల ఆలయాన్ని నేలమట్టం చేసింది. ఆ తరువాత వాళ్ళను నిలబెట్టింది చదువే. ఆ చదువు చెప్పే పండితుణ్ణి 'రబ్బీ' అంటారు. మన ఆలిం వంటివారనుకోవచ్చు. పెండ్లి, వ్యాపారం, ఆస్తి పంపకం, తినదగినది, తినరానిది – అన్నిటికీ ధర్మం చెప్పేది ఆయనే. తరతరాలుగా నోటితో చెప్పుకొంటూ వచ్చిన ధర్మశాస్త్రాన్ని 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా అనే పెద్ద 'మిష్నా' గ్రంథంగా కూర్చినారు. దాని మీద ఇరాక్ విద్యాలయాలలో సుమారు మూడు వందల ఏండ్లు సాగిన చర్చలు కలిసి బాబిల్ 'తల్మూద్' అయింది. అందులో నెగ్గని వాదనను కూడా కొట్టివేయలేదు. ఎవరేమన్నారో పేరుతో సహా నిలిపినారు.

అబ్బాసీల కాలంలో సూరా, పుంబదితా అనే ఆ రెండు పెద్ద విద్యాలయాలు బగ్దాదుకు తరలినవి. దూరదేశాల నుండి జనం మస్లాలు వ్రాసి పంపితే అక్కడి పెద్దలు జవాబు వ్రాసేవారు. మన ఫత్వాల పద్ధతే! సూరా పెద్ద అయిన సాదియా (882–942) తౌరాతును అరబ్బీలోకి తర్జుమా చేసినారు. ఖుర్తుబాలో పుట్టిన మూసా ఇబ్న్ మైమూన్ కుటుంబం అల్‌మొహద్ పాలకుల వత్తిడికి ఊరు వదలవలసి వచ్చింది. ఇదీ చరిత్రే, దాచవలసింది లేదు. అయితే చివరికి ఆయనకు నీడ దొరికింది కూడా ముస్లిం రాజ్యంలోనే. కైరో పక్కన ఫుస్తాత్‌లో స్థిరపడి, సుల్తాన్ సలాహుద్దీన్ వజీరు ఖాజీ ఫాజిల్‌కు హకీముగా ఉండి, 1204లో కన్నుమూసినారు. ఆయన ప్రసిద్ధ గ్రంథం 'దలాలతుల్ హాయిరీన్' భాష అరబ్బీ, లిపి హీబ్రూ.

యూరపులో కథ వేరు. 1242లో పారిస్ నగరంలో 24 బండ్ల తల్మూద్ ప్రతులు తెచ్చి తగలబెట్టినారు. అచ్చు లేని రోజులు. ప్రతి పుటా చేతితో వ్రాసిందే. తరువాత 1520–1523 మధ్య వెనిస్‌లో డేనియల్ బాంబర్గ్ అనే క్రైస్తవుడు తల్మూద్ మొత్తాన్ని మొదటిసారి అచ్చువేసినాడు. మధ్యన మూలం, చుట్టూ హాషియా – మన అరబ్బీ మదర్సా కితాబుల మాదిరే. ఆయన వేసిన పుటల లెక్కనే ఈనాటికీ పాటిస్తున్నారు. కాని 1553లో రోములో మళ్ళీ మంటలు. ఇన్ని గండాలు గడిచి, దాదాపు సంపూర్ణంగా మిగిలిన పాత తల్మూద్ వ్రాతప్రతి ఒక్కటే. 1342లో ఫ్రాన్సులో వ్రాసిన ఆ ప్రతి నేడు మ్యూనిక్‌లో ఉన్నది.

ఈ భయం నడుమనే పుస్తకాలు కూడబెట్టే మహనీయులు పుట్టినారు. ప్రాగ్ నగరపు పెద్ద రబ్బీ డేవిడ్ ఒప్పెన్‌హైమ్ (1664–1736) జీవితమంతా సేకరించినారు. ప్రాగ్‌లో తనిఖీల భయం ఉండటంతో కితాబులను దూరాన హానోవర్‌లో మామగారి ఇంట ఉంచినారు. ఆస్తి తనదే, దగ్గర పెట్టుకునే భాగ్యం లేదు! ఆయన పోయిన తరువాత అవి పెట్టెల్లో ఏండ్ల తరబడి మూలిగినవి. 1829లో ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయం వారు 9,000 థాలర్లకు కొన్నారు. సుమారు 780 వ్రాతప్రతులు, నాలుగు వేలకు పైగా అచ్చు పుస్తకాలు. పిదప స్టైన్‌ష్నైడర్ అనే పండితుడు ఆ గ్రంథాలయంలోని హీబ్రూ అచ్చు పుస్తకాలన్నిటికీ జాబితా వ్రాసినాకనే లోకానికి వాటి విలువ తెలిసింది.

మన బొంబాయిలో 1880లో పుట్టిన డేవిడ్ సాలమన్ సాసూన్ కూడా ఇట్టివారే. బగ్దాదు నుండి వచ్చిన వర్తక కుటుంబం. వెయ్యికి పైగా వ్రాతప్రతులు సేకరించి, 1932లో రెండు సంపుటాల జాబితా అచ్చువేయించినారు. ఆయన 1929లో 350 పౌండ్లకు కొన్న, సుమారు వెయ్యేండ్లనాటి హీబ్రూ బైబిల్ ప్రతి 2023లో న్యూయార్క్ వేలంలో 3 కోట్ల 81 లక్షల డాలర్లు పలికింది.

అన్నిటికంటే మనకు దగ్గరగా తోచేది కైరో 'గెనీజా'. అల్లా నామం ఉన్న కాగితం కాలికింద పడకూడదని మనం పిల్లలకు నేర్పుతాం కదా. యూదులదీ అదే అదబు. ఫుస్తాత్‌లోని బెన్ ఎజ్రా ప్రార్థనా మందిరంలో చినిగిన కాగితాలను ఒక గదిలో వేసేవారు. వందల ఏండ్లు అట్లా పోగయినవి. 1896లో కేంబ్రిడ్జికి చెందిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు తూర్పుదేశాల ప్రయాణంలో కొన్న తునకలను చూసి, సాలమన్ షెక్టర్ అనే పండితుడు కైరోకు వెళ్ళినారు. సుమారు 1,93,000 తునకలు కేంబ్రిడ్జికి చేరినవి. అందులో గ్రంథాలే కాదు. పెండ్లి పత్రాలు, దుకాణం లెక్కలు, పిల్లలు అక్షరాలు దిద్దుకున్న కాగితాలు కూడా ఉన్నవి. మూసా ఇబ్న్ మైమూన్ స్వహస్తంతో వ్రాసిన పుటలు ఉన్నవి. ఆయన తమ్ముడు దావూద్ ఎర్రసముద్రపు రేవు ఐజాబ్ నుండి అన్నకు వ్రాసిన ఖత్ ఉన్నది. హిందూస్తాన్ వ్యాపారానికి బయలుదేరిన ఆ తమ్ముడు సముద్రంలో మునిగిపోయినాడు. ఆనాటి కైరో బజారు, అందులోని ముస్లిముల జీవితం కూడా ఈ చెత్త కాగితాల నుండే ఎంతో తెలిసివచ్చింది.

ఇక ఒక ముస్లిం గురించి. సరజెవో మ్యూజియంలో యూదుల పస్కా పండుగ గ్రంథం ఒకటి ఉన్నది. 14వ శతాబ్దంలో స్పెయిన్‌లో బంగారు రంగుల బొమ్మలతో వ్రాసినది. 1942లో జర్మన్ సేనాని దాని కోసం వస్తే, మ్యూజియం గ్రంథపాలకుడు దర్విష్ కోర్కుత్ ప్రాణానికి తెగించి దాటించినారు. అది ఈనాటికీ భద్రం. కాని అదే నగరంలో 1992 మే నెలలో సెర్బు సేనల ఫిరంగులకు ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ కాలిపోయింది. అరబ్బీ, ఫార్సీ, తుర్కీ వ్రాతప్రతులు అయిదు వేలకు పైగా బూడిద అయినవి. అవి మనవి.

మన సంగతికి ఫిరంగులు అక్కరలేదు. చెదలు చాలు, పాత కాగితాల బేరగాడు చాలు. హైదరాబాదులో 1888లో దాయిరతుల్ మఆరిఫ్, 1891లో ఆసఫియా కుతుబ్‌ఖానా పెట్టిన పెద్దలు తమ వంతు చేసినారు. మన తాతల బయాజులు, నికాహ్‌నామాలు, హకీముల నుస్ఖాలు, ఖత్‌లు మాత్రం అటకల మీద రేకు పెట్టెల్లోనే ఉన్నవి. మేము చదువు చెప్పే పిల్లలకు అచ్చు ఉర్దూ వస్తుంది. షికస్తా చేవ్రాత రాదు. అది చదవగల బుజుర్గులు ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్ళు పోతే పెట్టె మిగిలినా మాట మిగలదు.

గెనీజా చెప్పే సబఖ్ ఇదే: అదబుతో దాచటం సగం పని, తెరచి, చదివి, జాబితా వ్రాయటం మిగతా సగం. కాబట్టి ప్రతి కుటుంబం వారు ఈ ఏడాది ఆ పెట్టె ఒకసారి దించాలని మా మనవి. దేన్నీ బావిలో, నదిలో వేయవద్దు, అమ్మవద్దు. చదవగల పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ కాగితం ఎవరిదో, ఏ సనుదో పిల్లల చేత ఒక నోటుబుక్కులో వ్రాయించండి. ఆ నోటుబుక్కులన్నీ మన సంఘానికి చేరితే మన కుతుబ్‌ఖానాకు పునాది పడినట్టే. కాగితాలు మీ ఇంట్లోనే ఉండనీయండి.

అల్లా మనందరికీ ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.