చారిత్రక నవల – వెండితెర : 'ఏకవీర'

చరిత్ర యనగా రాజుల పేర్లు, యుద్ధముల తేదులు మాత్రమే యని తలచువారు చారిత్రక నవలలో గూడ వానినే వెదకుదురు. విశ్వనాథ సత్యనారాయణగారి 'ఏకవీర' ఈ తలంపును కాదనును. ఒక కాలపు మనుష్యులు దేనిని ధర్మమని నమ్మి బ్రదికిరో అదియు చరిత్రయే. అట్టి చరిత్రను తెర చూపగలదా యనునదియే యీ వ్యాసమున విచార్యము.

విశ్వనాథవారు 1895లో కృష్ణామండలమునందలి నందమూరున జన్మించిరి. బందరున చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారికి శిష్యులైరి. అధ్యాపకవృత్తియందు బహుకాలము గడపిరి. మన విశాఖపట్టణమునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జరపిన నవలల పోటీలో వారి 'వేయిపడగలు', అడివి బాపిరాజుగారి 'నారాయణరావు' బహుమతిని పంచుకొన్నవి. పురాణవైర గ్రంథమాలయందు 12 నవలలు, కాశ్మీర నేపాళ రాజవంశములనుగూర్చి ఆరేసి నవలలు వెలయించిరి. 'రామాయణ కల్పవృక్షము'నకు 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కార మందుకొని, 1976లో దివంగతులైరి.

'ఏకవీర' వారి తొలినాళ్ల నవల. 1929–31 నడుమ 'భారతి'లో ప్రకటితమైనది. రంగము పదునేడవ శతాబ్ద్యారంభమునందలి మధుర. తెలుగు నాయకులు తమిళదేశము నేలిన కాలము. 1606లో అచటికి వచ్చిన క్రైస్తవ ప్రచారకుడు రాబర్టు డి నొబిలీయు నవలలో కానవచ్చును. సేతుపతి మీనాక్షిని, వీరభూపతి ఏకవీరను వలచిరి. పెండ్లిండ్లు తారుమారైనవి: ఏకవీర సేతుపతికి, మీనాక్షి వీరభూపతికి భార్యలైరి. పురుషులిద్దరును ప్రాణమిత్రులు. ఈ కథలో ప్రతినాయకుడు లేడు. పెండ్లిధర్మమునకును మనసులోని జ్ఞాపకమునకును నడుమ జరుగు పోరాటమే కథ.

ఈ లక్షణమే చలనచిత్రమునకు చిక్కు తెచ్చును. జపానులో యోషికావా ఎయిజి రచించిన 'మియమోతో ముసాషి' నవలను ఇనగాకి హిరోషి 1954–56 నడుమ మూడు చిత్రములుగా తీసెను. అందలి నాయకుని సాధన చాలవరకు కత్తిమీద కనబడును. 'ఏకవీర'లోని సాధన యంతయు మనసులోనిది, కంటికందదు.

1969లో సి.ఎస్. రావుగారి దర్శకత్వమున 'ఏకవీర' తెరకెక్కినది. రామారావు, కాంతారావు, కె.ఆర్. విజయ, జమున ముఖ్యపాత్రధారులు, సంభాషణలు సి. నారాయణరెడ్డిగారివి, సంగీతము కె.వి. మహదేవన్‌గారిది. నవలలో రచయిత తాను చెప్పి పాత్రలచేత చెప్పింపని దానిని చిత్రమున పాత్రలే పలుకవలసివచ్చినది. మౌనము తగ్గినకొలది నాటి మర్యాద పలుచనైనది. ఇది నష్టమే.

అయినను లాభమును లేకపోలేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు వ్రాయగా ఘంటసాల, బాలసుబ్రహ్మణ్యంగారలు కలిసి పాడిన వసంతరాత్రి గీతము నేటికిని జనుల నోళ్ల నున్నది. అది యిరువురు మిత్రుల పాట. ఒకరి గొంతులో నొకరి గొంతు కలియుటచే ఆ మైత్రి ప్రత్యక్షమగును. ఆ మైత్రి యెంత గాఢమో తెలిసినగాని పిమ్మటి విషాదము బరువు తెలియదు. నవల పుటలకొలది నిర్మించినదానిని పాట కొన్ని నిమిషములలో సాధించినది.

కొత్తవలస ప్రాంతమున నేనెరిగిన విద్యార్థులలో పలువురకు 'ఏకవీర' యనగా ఈ పాటయే. అందుకు వారిని నిందింపను. పాట ద్వారమువంటిది. అయితే ద్వారముకడ నిలిచినవారు ఇల్లు చూచినవారు కారు. పాట వినిపించి పుస్తకము చేతికిచ్చుట అధ్యాపకుని పని.