అమ్మితే జైలు... మానాలనుకుంటే వైద్యం

సంతోష్‌నగర్: గంజాయికి అలవాటుపడిన కుమారుణ్ని ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు తప్పదన్న భయంతో తల్లిదండ్రులు విషయాన్ని దాచిపెట్టడం పరిపాటి. ఇరుగుపొరుగులో పరువు పోతుందన్న బెంగ సరేసరి. వాస్తవానికి చట్టం అమ్మేవాణ్ని, అలవాటుపడ్డవాణ్ని ఒకే గాటన కట్టలేదు.

మాదకద్రవ్యాల నిరోధానికి దేశమంతటా అమలవుతున్నది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. 2001లో చేసిన సవరణతో, పట్టుబడిన సరుకు పరిమాణాన్ని బట్టి శిక్ష నిర్ణయించే పద్ధతి వచ్చింది. గంజాయి కిలో లోపు ఉంటే ఏడాది వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణంగా పరిగణించి పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల వరకు కఠిన కారాగారం, కనీసం రూ.లక్ష జరిమానా విధిస్తారు. బెయిలు దొరకడమూ కష్టమే.

ఇదే చట్టంలోని 64ఏ సెక్షన్ గురించి తెలిసినవారు అరుదు. మత్తుమందు వాడినందుకో, స్వల్ప పరిమాణంతో దొరికినందుకో కేసులో ఇరుక్కున్న బాధితుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో గానీ చికిత్స పొందితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుంది. అయితే చికిత్స పూర్తిచేయాలి. మధ్యలో మానేస్తే ఆ రక్షణను ఉపసంహరించే వీలుంది. అమ్మకందారులు దీని చాటున తప్పించుకునే అవకాశం లేదు.

సరఫరాను అరికట్టే యంత్రాంగం మాత్రం ఏటికేడు పెరిగింది. నగర పోలీసులు 2022లో హెచ్-న్యూ విభాగాన్ని నెలకొల్పగా, 2023లో రాష్ట్రస్థాయి మాదకద్రవ్యాల నిరోధక బ్యూరో ఏర్పడింది. 2025 జూన్ 26న దానికి ‘ఈగల్’ అని పేరు మార్చారు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు మన్యం నుంచి తరలివచ్చే గంజాయిపై నిఘా వీరి ప్రధాన విధుల్లో ఒకటి. పాతబస్తీలో ఒకనాడు గుడుంబాకు పేరుపడిన ధూల్‌పేటలో గంజాయి విక్రయాలపై ఎక్సైజ్ శాఖ 2024లో ప్రత్యేక దాడులు నిర్వహించింది. దాడులకు దక్కిన ప్రచారంలో పదోవంతైనా 64ఏకు దక్కలేదు.

మైనర్లకు మత్తుమందు ఇచ్చినా, వారిచేత అమ్మించినా, చేరవేయించినా 2015 బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, రూ.లక్ష వరకు జరిమానా ఉంటాయి.

అలవాటు మాన్పించేందుకు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయాన్ని సంప్రదించవచ్చు. సలహా కోసం జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446కు ఫోన్ చేయాలి. విక్రయాల సమాచారాన్ని 1908 నంబరులో ఈగల్‌కు తెలపాలి.