ఒకే కుండ చుట్టూ: జపాను షాబు-షాబు చెప్పిన కథ



కార్తీకం దగ్గరపడితే హోసూరులో మా సంఘంవాళ్ళం ఏటా ఒకే వాదన పెట్టుకుంటాం. వనభోజనాలకు బంతి వేసి విస్తళ్ళలో వడ్డించాలా, బఫే పెట్టి ఎవరికి కావలసింది వాళ్ళనే పెట్టుకోమనాలా? పెద్దవాళ్ళు బంతి అంటారు. వడ్డించే మనుషులెక్కడున్నారని కుర్రవాళ్ళు బఫే అంటారు. పోయినసారి ఈ మాట మీదే రెండు కుటుంబాలు అలిగి రాలేదు. ఈ ఏడు మళ్ళీ ఆ వాదనలోకి దిగేముందు, టోక్యోలో మేము తిన్న ఒక భోజనం గురించి, దాని వెనకున్న చరిత్ర గురించి మీకు చెప్పాలనిపించింది.

ఉద్యోగాలకని అక్కడ ఉంటున్న పిల్లల్ని చూడ్డానికి వెళ్తే, వాళ్ళు మమ్మల్ని ఒక షాబు-షాబు హోటలుకు తీసుకెళ్ళారు. మనిషికి రెండువేల యెన్ల పైచిలుకు. అక్కడి లెక్కలో అది చవకే. గంటన్నరలో ఎంత తిన్నా అదే ధర. బల్ల మధ్య పొయ్యి, దానిమీద రెండు అరల గిన్నె. కాగితమంత పల్చగా కోసిన మాంసం తెచ్చిస్తారు. ఆకుకూరలు, పుట్టగొడుగులు, టోఫు, నూడుల్స్ మనమే లేచి వెళ్ళి తెచ్చుకోవాలి. ముక్కను పుల్లలతో పట్టుకుని మరిగే రసంలో నాలుగుసార్లు ఆడించి, నువ్వుల ముద్దలోనో పుల్లటి సోయా రసంలోనో అద్దుకుని తినాలి. మాలో మాంసం ముట్టనివాళ్ళు ఉన్నారు కాబట్టి, పిల్లలు ముందే అడిగి ఒక అరలో చేప కలవని రసం పోయించారు. అది కొంబు అనే సముద్రపు నాచుతో కాచింది. ఆ నాచు నుంచే 1908లో ఇకెదా కికునాయె అనే రసాయన శాస్త్రవేత్త గ్లూటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు.

అందరి పుల్లలూ ఒకే గిన్నెలో పడుతుంటే మాలో ఒక పెద్దాయన చెయ్యి ఆగిపోయింది. "ఇది ఎంగిలి కాదటయ్యా?" అన్నాడు. అందరం నవ్వాం కానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. ఊరికి తిరిగొచ్చాక ఆ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే తెలిసింది, జపానువాళ్ళకూ ఈ పట్టింపు ఉండేదని.

పాతకాలం జపాను ఇళ్ళలో అందరికీ కలిపి ఒక బల్ల ఉండేది కాదు. ఎవరి పీట వాళ్ళది. హకోజెన్ అని చిన్న పెట్టె ఉండేది. ఎవరి గిన్నెలు, పుల్లలు వాళ్ళ పెట్టెలోనే దాచుకుని, తినేటప్పుడు పెట్టె మూత తిరగేసి పీటగా వాడుకునేవాళ్ళు. ఇంట్లో ఎవరి హోదా ఏమిటో వాళ్ళు కూర్చునే చోటు చెప్పేది.

మాంసం సంగతి ఇంకా పాతది. 675లో తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను ఏడాదిలో కొన్ని నెలలు తినకూడదని ఆజ్ఞ వేశాడు. బౌద్ధం ప్రభావంతో అలాంటి నిషేధాలు మళ్ళీమళ్ళీ వచ్చాయి. చాటుగా తినేవాళ్ళు లేరని కాదు. కానీ నలుగురిలో గొడ్డుమాంసం తినడం శతాబ్దాలపాటు తప్పుగానే ఉండిపోయింది.

1859లో యొకోహామా రేవు విదేశీయులకు తెరుచుకుంది. వాళ్ళకోసం వచ్చిన మాంసాన్ని, అక్కడివాళ్ళు తమకు తెలిసిన మిసో, సోయాలతో కుండలో ఉడికించి గ్యూనాబె అన్నారు. 1871లో కనగాకి రోబున్ అనే రచయిత ఈ కుండ అంగళ్ళకు వచ్చేపోయేవాళ్ళ మాటలతో ఒక హాస్య పుస్తకమే రాశాడు. పేరు అగురానాబె, అంటే బాసింపట్టు వేసుకుని తినే కుండ. మరుసటి ఏడాది మెయిజీ చక్రవర్తే గొడ్డుమాంసం తిన్నాడన్న కబురు దేశమంతా పాకింది. దానికి నిరసనగా రాజప్రాసాదంలోకి చొరబడబోయిన యతుల్లో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తిండి మారడమంటే ఎక్కడా తేలిక కాదు.

ఆ కుండ చుట్టూ కూర్చున్నవాళ్ళకు మాత్రం ఎవరి పీట వాళ్ళది అనడానికి వీల్లేకపోయింది. తర్వాతి దశాబ్దాల్లో ఇళ్ళలోకీ చాబుదాయ్ అనే పొట్టి గుండ్రటి బల్ల వచ్చి, పెట్టె పీటలు మెల్లగా అటకెక్కాయి.

షాబు-షాబు ఇంకా చిన్నది. బీజింగులో పల్చటి గొర్రెమాంసం ముక్కల్ని నీళ్ళలో ఆడించి తినే పద్ధతి యుద్ధకాలం తర్వాత క్యోటోకు చేరింది. 1952లో ఒసాకాలోని సుయెహిరో హోటలు దానికి ఈ పేరు పెట్టింది. నీళ్ళలో గుడ్డ జాడించే చప్పుడట అది.

బఫే అయితే 1958 ఆగస్టు 1న టోక్యో ఇంపీరియల్ హోటల్లో మొదలైంది. డెన్మార్కులో చూసొచ్చిన పద్ధతి. అప్పట్లో ఆడుతున్న సినిమాను బట్టి దానికి వైకింగ్ అని పేరు పెట్టారు. జపానువాళ్ళు ఇప్పటికీ బఫేను బైకింగు అనే అంటారు. మధ్యాహ్న భోజనం 1,200 యెన్లు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పట్టభద్రుడి నెల జీతంలో దాదాపు పదోవంతు! 1991లో గొడ్డుమాంసం దిగుమతుల మీద కోటా ఎత్తేశాక అమెరికా, ఆస్ట్రేలియా మాంసం చవగ్గా దిగింది. అందుకే మామూలు జీతగాడు కూడా పెళ్ళాంబిడ్డలతో వెళ్ళి కడుపునిండా తినగలిగే హోటళ్ళు వీధివీధినా లేచాయి.

అంటే మేము ఏదో ప్రాచీన సంప్రదాయం అనుకుని తిన్నదానికి పేరు వచ్చి ఇంకా ఎనభై ఏళ్ళు కాలేదు. కుండ ఒక చోటిది, బఫే ఒక చోటిది, మాంసం ఇంకో చోటిది. అయినా అది అచ్చంగా జపాను భోజనమే. ఎందుకంటే తెచ్చుకోవడం ఎవరిది వాళ్ళే తెచ్చుకున్నా, తినడం మాత్రం ఒకే పొయ్యి చుట్టూ కూర్చునే తింటారు. చివర మిగిలిన రసంలో అన్నమో నూడుల్సో వేసి అందరూ పంచుకుంటారు. ఎంగిలి అని ఆగిన మా పెద్దాయనకు పిల్లలు వడ్డించుకునే పుల్లలు వేరేగా తెప్పించిచ్చారు. ఆ తర్వాత అందరికంటే చివర లేచింది ఆయనే.

మనదగ్గర గొడవంతా బఫే గురించి అనుకుంటున్నాం. మనకు పోయింది వడ్డన కాదు, పక్కన కూర్చోవడం. పళ్ళెం చేతబట్టి తలొక మూల నిలబడి తిని వెళ్ళిపోతున్నాం. అందుకని ఈసారికి మా మాట ఇది: వంటలన్నీ ఒకచోట పెడదాం, ఎవరికి కావలసింది వాళ్ళు తెచ్చుకుందాం, తినేది మాత్రం చాపలమీద బంతిగా కూర్చుని. కింద కూర్చోలేని పెద్దలకు ఎదురుగా బల్లలు వేద్దాం. అందరూ కూర్చున్నాకే మొదటి ముద్ద.

పోయినసారి రాని ఆ రెండు ఇళ్ళకూ ఫోను చెయ్యం. మేమే వెళ్ళి బొట్టుపెట్టి పిలుస్తాం.