నీళ్ల మీద సోలార్: మన బీల నేర్పిన పాఠం

నీళ్ల మీద తేలుతూ కరెంటు ఇచ్చే సోలార్ ప్యానెల్స్ గురించి ఈ ఎపిసోడ్‌. ఇదేదో నిన్న మొన్నటి టెక్నాలజీ కాదు. జపాన్‌లోని ఐచీలో 2007లోనే మొదలైంది. మన పక్కనే విశాఖలో, ముడసర్లోవ రిజర్వాయర్ మీద 2018లో 2 మెగావాట్ల ప్లాంటు పెట్టారు. 2021 ఆగస్టులో పరవాడ దగ్గర ఎన్టీపీసీ సింహాద్రిలో 25 మెగావాట్లు, 75 ఎకరాల నీటి మీద లక్షకు పైగా ప్యానెల్స్! 2022 జూలైకి తెలంగాణలోని రామగుండంలో అది 100 మెగావాట్లయింది.

పని చేసే తీరు సింపుల్. ప్లాస్టిక్ తెప్పల మీద ప్యానెల్స్ బిగిస్తారు. కొట్టుకుపోకుండా నీటి అడుగున బరువైన దిమ్మలకు కడతారు. కింద నీరుంటుంది కాబట్టి ప్యానెల్ తక్కువ వేడెక్కి, కరెంటు కాస్త ఎక్కువ ఇస్తుంది. నీడ వల్ల నీళ్లు ఆవిరవడమూ తగ్గుతుంది. ఎకరం పొలం కూడా పోదు.

మరి ఇబ్బందేంటి? దీనికి మన సిక్కోలు చరిత్ర చూడాలి. సోంపేట బీలలో 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు కడతామన్నారు. పైనుంచి చూసేవాళ్లకి బీల అంటే పనికిరాని చిత్తడి నేల. ఊరోళ్లకి మాత్రం అది వరి చేనుకి తడి, చేపలు, పశువులకి మేత. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ థర్మల్ ప్లాంటు మీద గొడవ, కాల్పులు, చావులు.

సోలార్‌కి పొగ లేదు, బూడిద లేదు. థర్మల్‌తో దానికి పోలికే లేదు, ఒప్పుకుంటా. బీటెక్ చదివి కోడ్ రాసినోణ్ణి, ఈ టెక్నాలజీ నాకు నచ్చింది కూడా. కానీ "ఖాళీగానే ఉంది కదా" అనే మాట దగ్గరే నాకు భయం. సింహాద్రి, రామగుండం రిజర్వాయర్లు పవర్ ప్లాంట్ల సొంత అవసరాలకి ఉన్నవి. రేపు మడ్డువలస మీదో, తోటపల్లి మీదో వేస్తామంటే లెక్క వేరు. అక్కడ వల వేసేవాళ్లుంటారు, కాలువ నీటి కోసం చూసే రైతులుంటారు.

అందుకే ముందు అడగాల్సింది ఎన్ని మెగావాట్లని కాదు. ఎంత నీరు కప్పుతారు? పడవకి దారి వదులుతారా? వచ్చే డబ్బులో ఊరికి వాటా ఎంత? తెప్ప దిగకముందే ఇవి గ్రామసభలో తేలాలి.

మీ ఊరి రిజర్వాయర్‌లో వల ఎవరు వేస్తారో కామెంట్‌లో రాయండి. ఉంటాను మరి.