బానిస గుర్తు నుంచి మాట్లాడే బట్ట దాకా: జాంజిబార్ కాంగా, మన తీరపు నేత

తెనాలిలో రైలెక్కితే బాపట్ల దాటాక చీరాల. రేపల్లె వాళ్ళు తెనాలిలో బండి మారాలి. ఈ దారిన బట్ట చరిత్ర అడిగితే చీరాల రుమాళ్ళ గొప్పే చెబుతారు. నూలుని నూనెలో, బూడిద క్షారంలో నానబెట్టి, చిటికి కట్టి, ఎరుపూ నలుపూ అద్ది నేసిన తేలియా రుమాలు అరబ్బు దేశాలకీ తూర్పు ఆఫ్రికాకీ పోయిన మాట నిజమే. కథ షావుకారి ఓడ దగ్గరే ఆగిపోతుంది. ఆ ఒడ్డున ఎవర్ని ఏం కట్టుకోనిచ్చారన్నది మేము అడుగుతున్నాం.

19వ శతాబ్దపు జాంజిబార్ లవంగ తోటల దీవి. చాకిరీ బానిసలది. వాళ్ళ ఒంటి మీద ఉండేవి రెండే: అమెరికా నుంచొచ్చే ముతక గుడ్డ ‘మెరికాని’, దాన్నే నీలిమందులో ముంచిన ‘కనికి’. తల కప్పుకోవడం, చెప్పులు తొడగడం యజమానులకే చెల్లు. చూడగానే ఎవరెవరో తెలిసిపోవాలి! వెలివాడలో పుట్టినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా? అంతకుముందు 18వ శతాబ్దంలోనే కోరమాండల్ నీలి బట్టలిచ్చి పశ్చిమాఫ్రికాలో మనుషుల్ని కొన్నారు. మన నేత ఘనతని పాడేవాళ్ళు ఈ పద్దు చదవరు.

1897లో జాంజిబార్‌లో బానిసత్వానికున్న చట్టబద్ధత రద్దయింది. విముక్తులైన ఆడవాళ్ళు కనికిని వదిలేసి కాంగా కట్టారు. ఇది జంటగా అమ్మే అచ్చు బట్ట, ఒకటి ఒంటికి, ఒకటి తలకీ భుజాలకీ. దీని పాత పేరు ‘లేసో’, పోర్చుగీసులో చేతిరుమాలుకున్న మాట. తొలి రోజుల్లో అచ్చు రుమాళ్ళనే కలిపి కుట్టుకునేవాళ్ళు మరి. చుట్టూ అంచు, నడుమ బొమ్మ, దాని కింద ఒక సామెత. సామెత ముందు అరబ్బీ లిపిలో, తర్వాత రోమన్‌లో. సవతికో, మొగుడికో, పక్కింటామెకో నోటితో అనలేనిది కట్టి చూపిస్తారు. 1928లో బొంబాయి వచ్చి పాటలు రికార్డు చేసిన సీతీ బింతి సాద్ ఇలాంటి బానిస కుటుంబంలో పుట్టిన మనిషే.

ఇందులో వ్యాపారం లేదని మేమనం. సామెతలు అచ్చువేయించి సొమ్ము చేసుకున్నవాళ్ళలో మొంబాసాలోని భారతీయ వర్తకులూ ఉన్నారు. కానీ ఏది కట్టాలో ఎంచుకున్నది ఆడది. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేద్కర్ దళిత స్త్రీలకి చెప్పిందీ ఇదే: అంటరానితనాన్ని చాటే చీరకట్టూ బరువు నగలూ వదలండని. దీన్ని సోకు అని కొట్టిపారేసే మేధావులు మన పక్కనే ఉన్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపిన పగకి ముందు, సినిమాహాల్లో దళిత యువకుడి కాలు పైకులపోడికి తగిలిన గొడవుంది. కాలు ఎక్కడ పెట్టాలో చెప్పే నోరే ఒంటి మీద ఏముండాలో కూడా చెబుతుంది.

మాలలు ముతక బట్ట నేసేవాళ్ళని 1909లో థర్‌స్టన్ రాశాడు. ఆ మగ్గాలు మన నేత చరిత్రల్లో కనపడవు. తెనాలి, బాపట్ల, రేపల్లెల విద్యార్థులు పల్లెల్లో ముసలమ్మల్ని కూచోబెట్టి అడగాల్సినవి ఇవి: రవిక ఎప్పుడు తొడిగావమ్మా? చీర మోకాలి కిందికి దించితే ఎవరేమన్నారు? దొరసాని పాత చీర ఇస్తే అలాగే కట్టావా, చింపి కట్టావా? మీ ఇంట్లో మగ్గం గుంట ఎప్పుడు పూడ్చారు?