బాక్స్ స్కోరు చెప్పేదెంత, చెప్పనిదెంత: 2016 ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో మ్యాచ్ అంకెల్లో

క్రికెట్ స్కోరుకార్డు చదవడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎన్ని బంతులకు ఎన్ని పరుగులు, ఎన్ని ఓవర్లకు ఎన్ని వికెట్లు అని చూడగానే మ్యాచ్ ఎలా సాగిందో ఊహించేస్తాం. బాస్కెట్‌బాల్‌లో అలాంటి పట్టికనే బాక్స్ స్కోరు అంటారు. ఒక్కో ఆటగాడికి ఒక వరుస ఉంటుంది. ఆడిన నిమిషాలు, వేసిన షాట్లు, పడిన షాట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్, బ్లాకులు, టర్నోవర్లు, పాయింట్లు అందులో వరుసగా కనిపిస్తాయి. దాన్ని ఎలా చదవాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుసుకోవడానికి 2016 ఫైనల్స్ ఏడో మ్యాచ్ మంచి ఉదాహరణ.

నేపథ్యం

2016 జూన్ 19న ఓక్లండ్‌లోని ఒరాకిల్ అరీనాలో క్లీవ్‌లాండ్ కావలియర్స్, గోల్డెన్ స్టేట్ వారియర్స్ తలపడ్డాయి. భారత కాలమానం ప్రకారం అది జూన్ 20 ఉదయం. ఆ సీజన్ లీగ్ దశలో వారియర్స్ 82 మ్యాచ్‌లలో 73 గెలిచి రికార్డు సృష్టించింది. ఫైనల్స్‌లోనూ 3–1 ఆధిక్యంలోకి వెళ్లింది. అక్కడి నుంచి కావలియర్స్ వరుసగా రెండు గెలిచి 3–3 చేసింది. తొలి ఆరు మ్యాచ్‌లు కలిపితే రెండు జట్ల పాయింట్లూ సరిగ్గా 610 చొప్పున ఉన్నాయి. ఏడో మ్యాచ్‌ను కావలియర్స్ 93–89తో గెలిచింది. ఫైనల్స్‌లో 1–3తో వెనకబడి టైటిల్ గెలిచిన మొదటి జట్టు అదే. క్లీవ్‌లాండ్ నగరానికి 1964 తర్వాత దక్కిన తొలి పెద్ద లీగ్ టైటిల్ కూడా ఇదే.

ఆ నాలుగు పాయింట్లు ఎక్కడివి?

ముందు జట్టు మొత్తాలు చూడాలి. వారియర్స్ 83 షాట్లలో 32, కావలియర్స్ 82 షాట్లలో 33 వేశాయి. ఇక్కడ పెద్ద తేడా లేదు. విడదీస్తే అసలు సంగతి బయటపడుతుంది. మూడు పాయింట్ల షాట్లు వారియర్స్‌కు 41లో 15 పడ్డాయి, కావలియర్స్‌కు 25లో 6 మాత్రమే. అంటే అక్కడ వారియర్స్‌కు 27 పాయింట్ల ఆధిక్యం. రెండు పాయింట్ల షాట్లలో కావలియర్స్ 27 వేస్తే వారియర్స్ 17 వేసింది. అది కావలియర్స్‌కు 20 పాయింట్ల ఆధిక్యం. ఫ్రీ త్రోలలో కావలియర్స్ 21, వారియర్స్ 10. అక్కడ మరో 11. మొత్తం 31లోంచి 27 తీసేస్తే మిగిలేది 4. బయటి నుంచి ఓడిన జట్టు బుట్ట దగ్గర, ఫ్రీ త్రో గీత దగ్గర గెలిచిందన్నమాట.

ఆటగాళ్ల వరుసలు

కావలియర్స్ తరఫున లెబ్రాన్ జేమ్స్ 27 పాయింట్లు, 11 రీబౌండ్లు, 11 అసిస్టులు సాధించాడు. మూడు విభాగాల్లోనూ రెండంకెలు దాటితే ట్రిపుల్ డబుల్ అంటారు. ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో అంతకుముందు ఆ ఘనత జెర్రీ వెస్ట్ (1969), జేమ్స్ వర్తీ (1988)లకే ఉంది. కైరీ ఇర్వింగ్ 26 పాయింట్లు చేశాడు.

అయితే పేర్లు దాచి పట్టిక చూపిస్తే ఆ రోజు అత్యుత్తమ వరుసగా చాలామంది వేలు పెట్టేది వారియర్స్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ మీదే. 32 పాయింట్లు, 15 రీబౌండ్లు, 9 అసిస్టులు. వేసిన 15 షాట్లలో 11 పడ్డాయి, మూడు పాయింట్ల షాట్లు 8లో 6. లెబ్రాన్‌కు 24 షాట్లలో 9 మాత్రమే పడ్డాయి. అయినా గ్రీన్ జట్టు ఓడింది. కారణం అదే పట్టికలో, రెండు వరుసల అవతల ఉంది. స్టీఫెన్ కరీ మూడు పాయింట్ల షాట్లు 14లో 4, క్లే థాంప్సన్ 10లో 2. ఇద్దరూ కలిసి 24లో 6. ఆ సీజన్‌లో జట్టుకు ప్రధాన ఆయుధం ఈ ఇద్దరి షాటే.

ప్లస్-మైనస్ అనే గడి

ఒక ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు అతని జట్టు ఎన్ని పాయింట్లు ఎక్కువ లేదా తక్కువ చేసిందో ఈ గడి చెబుతుంది. కావలియర్స్ ఆటగాడు కెవిన్ లవ్ చేసింది 9 పాయింట్లే, పట్టింది 14 రీబౌండ్లు. కానీ అతని ప్లస్-మైనస్ +19. జట్టు గెలిచింది 4 పాయింట్ల తేడాతో కాబట్టి, అతను బెంచీ మీద ఉన్నప్పుడు కావలియర్స్ 15 పాయింట్లు వెనకబడింది. ఒక్క మ్యాచ్‌లో ఈ అంకె తోటి ఆటగాళ్ల వల్ల కూడా పెరగొచ్చు, తగ్గొచ్చు. అందుకే దీన్ని తీర్పుగా కాక సూచనగానే తీసుకోవాలి.

పట్టికలో లేనివి

ఆట ముగియడానికి 4 నిమిషాల 39 సెకన్ల ముందు స్కోరు 89–89. సిరీస్ మొత్తంలో అప్పటికి చెరో 699. ఆ తర్వాత వారియర్స్ ఒక్క పాయింటూ చేయలేదు. 1 నిమిషం 50 సెకన్లు ఉండగా ఆండ్రే ఇగుడాలా సులువుగా వేయబోయిన బంతిని లెబ్రాన్ వెనక నుంచి పరుగెత్తుకొచ్చి బోర్డు మీద ఆపేశాడు. పట్టికలో అది అతని 3 బ్లాకుల్లో ఒకటి, అంతే. మొదటి క్వార్టర్‌లో చేసిన బ్లాకుకూ దీనికీ అక్కడ తేడా ఉండదు. 53 సెకన్లు ఉండగా ఇర్వింగ్ వేసిన మూడు పాయింట్ల షాటూ అంతే.

ఆ వెంటనే కరీని అడ్డుకునే బాధ్యత లవ్ మీద పడింది. పొడవైన ఫార్వర్డ్‌కు చురుకైన గార్డును కాయడం కష్టం. లవ్ అతన్ని వదలకుండా అంటిపెట్టుకున్నాడు, కరీ షాట్ పడలేదు. పట్టికలో అది కరీ ఖాతాలో ఒక విఫల షాట్‌గా మాత్రమే మిగిలింది. లవ్ వరుసలో దానికి గడే లేదు.

రక్షణ విషయంలో బాక్స్ స్కోరు మొదటి నుంచీ బలహీనమే. ఎన్‌బీఏ స్టీల్స్, బ్లాకులను అధికారికంగా లెక్కించడం మొదలుపెట్టిందే 1973–74 సీజన్‌లో. వాటిలోనూ బంతి చేతికి చిక్కినప్పుడో, తగిలినప్పుడో మాత్రమే లెక్క పడుతుంది. ప్రత్యర్థిని మంచి చోటికి రానివ్వకపోవడం ఎవరి ఖాతాలోనూ చేరదు.

కాబట్టి పట్టిక తెరవగానే పాయింట్ల గడి దగ్గర ఆగిపోకుండా, ఎన్ని షాట్లకు ఆ పాయింట్లు వచ్చాయో చూడాలి. తర్వాత ఫ్రీ త్రోలు, టర్నోవర్లు, చివరగా ప్లస్-మైనస్. ఈ గడుల్లో ఒకదానితో ఒకటి పొసగని చోట, లవ్ వరుసలోలాగా, ఆ మ్యాచ్ వీడియో తప్పక చూడాల్సిందే.